పీపాలో ప్రాణమున్న పానీయం: బ్రిటన్ ‘రియల్ ఏల్’ ఉత్సవం వెనుక వేతనం లేని వేల చేతులు

బ్రిటన్‌లో సంప్రదాయ బీరుకు అతిపెద్ద వేదిక ‘గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్’. దాదాపు అర్ధ శతాబ్ద కాలంగా వేసవి వేళ జరుగుతూ వచ్చిన ఈ ఉత్సవంలో వందలాది పీపాలు బారులు తీరుతాయి. పదుల వేల మంది సందర్శకులు వస్తారు. అయితే పీపాలను దించేవారు, వాటిని తెరిచేవారు, గ్లాసుల్లో పోసేవారు, ద్వారం వద్ద టికెట్లు పరిశీలించేవారు, చివరి రోజున నేల ఊడ్చేవారు అధిక భాగం జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలే. తమ సెలవు దినాలను వెచ్చించి వీరు అక్కడికి వస్తారు.

ఈ ఉత్సవాన్ని నిర్వహించే ‘క్యాంపెయిన్ ఫర్ రియల్ ఏల్’ అనే వినియోగదారుల సంస్థ, సంక్షిప్తంగా ‘కామ్రా’, 2026లో దానిని జరపబోవడం లేదని ప్రకటించింది. 2025లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఉత్సవానికి ఖర్చులకు సరిపడా సందర్శకులు రాకపోవడమే ఇందుకు కారణమని వివరించింది. ఒక వినోద కార్యక్రమం ఆగిపోవడం మామూలు వార్తగానే కనిపించవచ్చు. కానీ ఈ ఉత్సవం ఎందుకు పుట్టిందో, అందులో పోసే పానీయం స్వభావం ఏమిటో తెలిస్తే, ఈ నిర్ణయం వెనుక ఒక సంప్రదాయ విద్య మనుగడకు సంబంధించిన ప్రశ్న ఉందని అర్థమవుతుంది.

ఏల్ అంటే ఏమిటి?

బీరుకు మూలపదార్థాలు నాలుగు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్ట్, నీరు, చేదును, సువాసనను ఇచ్చే హాప్స్ పూలు, చక్కెరను మద్యంగా మార్చే ఈస్ట్. ప్రపంచంలోని బీర్లలో అత్యధిక భాగానికి ఈ నాలుగూ ఆధారం. వాటిని రెండు ప్రధాన కుటుంబాలుగా విడదీసేది ఈస్ట్ స్వభావం, అది పనిచేసే ఉష్ణోగ్రత.

మన దేశంలో సీసాల్లో, డబ్బాల్లో విరివిగా లభించేది లాగర్ తరహా బీరు. అది చల్లని వాతావరణంలో నెమ్మదిగా పులుస్తుంది. తేలికైన రుచితో, లేత బంగారు రంగులో ఉంటుంది. ఏల్ అలా కాదు. దాని ఈస్ట్ కాస్త వెచ్చని వాతావరణంలో చురుకుగా పనిచేస్తూ పులుస్తున్న ద్రవం ఉపరితలంపై నురగగా తేలుతుంది. ఆ ప్రక్రియలో పండ్లను, సుగంధ ద్రవ్యాలను తలపించే వాసనలు పుడతాయి. బిట్టర్, మైల్డ్, పోర్టర్, స్టౌట్, పేల్ ఏల్ అనేవన్నీ ఈ కుటుంబానికి చెందినవే.

‘రియల్ ఏల్’ అనే మాటకు మరో ప్రత్యేకార్థం ఉంది. కామ్రా నిర్వచనం ప్రకారం ఆ బీరు సంప్రదాయ దినుసులతో తయారు కావాలి; ఏ పాత్రలో నుంచి వడ్డిస్తారో అదే పాత్రలో రెండోసారి పులిసి పరిపక్వం కావాలి; వడ్డించేటప్పుడు బయటి నుంచి బొగ్గుపులుసు వాయువును ఎక్కించకూడదు. అంటే బ్రూవరీ గడప దాటే సమయానికి ఆ బీరు తయారీ పూర్తి కాదు. పీపాలో ఈస్ట్ బతికే ఉంటుంది. మిగిలిన పని పబ్ అడుగున ఉండే చల్లని నేలమాళిగలో జరుగుతుంది.

తెలుగువారికి ఈ స్వభావం కొత్తది కాదు. చెట్టు నుంచి దించిన కల్లు తెల్లవారు జామున ఒక రుచి, మధ్యాహ్నానికి మరో రుచి, సాయంత్రానికి పులుపు ఎక్కి వేరొక రుచి సంతరించుకోవడం తాటివనాల పల్లెల్లో అందరికీ తెలిసినదే. దాన్ని నిలవ ఉంచి దూరప్రాంతాలకు పంపడం కష్టం. కల్లుతో పోలిస్తే పీపాలోని ఏల్ మరికొంత కాలం నిలుస్తుంది. అయినా సూత్రం ఒక్కటే: లోపల జీవక్రియ సాగుతున్నంత కాలం ఆ పానీయం మారుతూనే ఉంటుంది. సరైన సమయంలో సరైన చేతులు దాన్ని అందుకోవాలి.

పీపాను తెరవడం ఒక విద్య

బ్రిటన్‌లో సర్వసాధారణంగా వాడే పీపాను ‘ఫర్కిన్’ అంటారు. అందులో 9 గ్యాలన్ల బీరు, అనగా 72 పింట్లు పడుతుంది. ఒక పింటు 568 మిల్లీలీటర్లు కాబట్టి మొత్తం సుమారు 41 లీటర్లు. పూర్వం ఓక్ కలపతో చేసిన పీపాలు ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా లోహపు పీపాలు వాడుతున్నారు. ఆకారం మాత్రం మారలేదు. మధ్యలో పొట్ట ఉబ్బి ఉంటుంది. పీపాను పడుకోబెట్టినప్పుడు ఈస్ట్, ఇతర మడ్డి ఆ పొట్ట అడుగుకు చేరి, కుళాయికి దిగువన ఉండిపోతాయి. శతాబ్దాల నాటి ఆకారం ఇంకా కొనసాగడానికి కారణం ఇదే.

పీపా రాగానే దానిని చట్రంపై అడ్డంగా పడుకోబెట్టి కదలకుండా బిగిస్తారు. పైభాగంలోని మూతకు చిన్న రంధ్రం చేసి, అందులో గాలి చొరబడగల మెత్తని చెక్కమేకును దిగగొడతారు. దాని పేరు ‘స్పైల్’. లోపల అధికంగా పేరుకున్న వాయువు ఆ చెక్క రంధ్రాల గుండా బుసబుసమంటూ బయటికి పోతుంది. పొంగు తగ్గిన తరువాత గట్టి చెక్కమేకును మార్చి, మిగిలిన వాయువు పోకుండా ఆపుతారు. ఆపై ముందువైపు బిరడాలోకి చెక్కసుత్తితో కుళాయిని ఒక్క దెబ్బతో దిగగొట్టాలి. దెబ్బ తప్పితే బీరు చిమ్మి నేలపాలవుతుంది.

మడ్డి త్వరగా కిందికి దిగడానికి అనేక బ్రూవరీలు చేపల గాలితిత్తుల నుంచి తీసిన ‘ఐసింగ్లాస్’ అనే పదార్థాన్ని పీపాలో కలుపుతాయి. శాకాహారుల కోరిక మేరకు దాన్ని వాడని బ్రూవరీలూ ఇటీవలి కాలంలో పెరిగాయి. పీపా ఉష్ణోగ్రత 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకంటే వేడెక్కితే పొంగు ఆగదు. మరీ చల్లబడితే రుచి ముడుచుకుపోతుంది. ‘ఇంగ్లండ్‌లో బీరు వెచ్చగా తాగుతారు’ అన్న నానుడి సగమే నిజం. అది గది వేడిలో ఉండదు, నేలమాళిగ చల్లదనంలో ఉంటుంది.

కుళాయి బిగించిన క్షణం నుంచి గడియారం పరుగెత్తుతుంది. బీరు తగ్గే కొద్దీ పీపాలోకి గాలి చేరుతుంది. మొదటి రోజు ఆ గాలి రుచిని కాస్త మెరుగుపరచవచ్చు. ఆ తరువాత పాడుచేస్తుంది. సాధారణంగా మూడు రోజుల్లో 72 పింట్లు అమ్ముడుపోవాలి. లేదంటే బీరు పులుపెక్కుతుంది. ఇక్కడే ఒక విషవలయం మొదలవుతుంది. అమ్మకం మందగిస్తే బీరు పాడవుతుంది. పాడైన బీరు తాగినవాడు మళ్లీ దాన్ని అడగడు. అడిగేవారు తగ్గితే అమ్మకం మరింత మందగిస్తుంది. రియల్ ఏల్ ఆర్థిక గతి అంతా ఈ వలయం చుట్టూనే తిరుగుతుంది.

నలుగురు మిత్రుల అసంతృప్తి

ఈ చిక్కుకు పెద్ద కంపెనీలు 1960ల్లో ఒక సులువైన పరిష్కారం కనుగొన్నాయి. బీరును వడకట్టి, వేడిచేసి ఈస్ట్‌ను నిర్వీర్యం చేసి, ఒత్తిడి తట్టుకునే ‘కెగ్’ అనే లోహపాత్రలో నింపి, వాయువు సహాయంతో పైకి పంపడమే ఆ పరిష్కారం. కెగ్ బీరు వారాల తరబడి చెడిపోదు. నేలమాళిగలో నేర్పరి అవసరం లేదు. దేశమంతటా ఒకే రుచి ఉంటుంది కనుక టెలివిజన్‌లో ఒకే ప్రకటన చాలు. వాట్నీస్ సంస్థ ‘రెడ్ బ్యారెల్’ ఆ కాలానికి ప్రతీకగా నిలిచింది.

అదే సమయంలో బ్రూవరీల విలీనాలు వేగం పుంజుకున్నాయి. బాస్ చారింగ్టన్, అలైడ్, వాట్నీ మాన్, విట్‌బ్రెడ్, కరేజ్, స్కాటిష్ అండ్ న్యూకాజిల్ అనే ఆరు సంస్థల చేతికి విపణిలో సింహభాగం చేరింది. బ్రిటన్‌లో అనేక పబ్‌లు బ్రూవరీల సొంత ఆస్తులు. అక్కడ యజమాని బీరు తప్ప వేరొకటి అమ్మడానికి వీలుండదు. ఒక చిన్న బ్రూవరీని పెద్ద సంస్థ కొని మూసివేస్తే, ఊరిలో తరతరాలుగా తాగుతున్న బీరు రాత్రికి రాత్రి కనుమరుగయ్యేది. 1970ల ఆరంభానికి దేశంలో మిగిలిన బ్రూవరీ సంస్థల సంఖ్య 200కు లోపే.

1971 మార్చిలో మైఖేల్ హార్డ్‌మన్, గ్రహం లీస్, జిమ్ మేకిన్, బిల్ మెల్లర్ అనే నలుగురు ఆంగ్ల యువకులు ఐర్లండ్‌కు విహారయాత్రకు వెళ్లారు. కెర్రీ ప్రాంతంలో పడమటి కొసన ఉన్న డన్‌క్విన్ గ్రామంలోని ఒక పబ్‌లో కూర్చుని, స్వదేశంలోని బీరు దుస్థితిపై ఒక ఉద్యమ సంస్థను స్థాపించాలని నిర్ణయించుకున్నారు. ఆరంభంలో దాని పేరు ‘ఏల్ పునరుజ్జీవన ఉద్యమం’ అని అర్థమిచ్చేదిగా ఉండేది. 1973లో ‘క్యాంపెయిన్ ఫర్ రియల్ ఏల్’ అని మార్చారు. పలికేందుకు సులువైన ఆ పేరుతోనే ‘రియల్ ఏల్’ అనే మాట ఆంగ్ల భాషలో స్థిరపడింది.

సంస్థ వేగంగా ఎదిగింది. స్టాఫర్డ్‌షైర్‌లోని స్టోన్ పట్టణంలో ఒక పాత బ్రూవరీని మూసివేయబోతున్నారని తెలిసి 1973లో సభ్యులు వీధుల్లో ఊరేగింపు జరిపారు. మంచి ఏల్ లభించే పబ్‌ల వివరాలతో ‘గుడ్ బీర్ గైడ్’ అనే వార్షిక గ్రంథాన్ని 1974 నుంచి ప్రచురిస్తున్నారు. నేడు సెయింట్ ఆల్బన్స్‌లో కార్యాలయం, కొద్దిమంది వేతన సిబ్బంది, ఒకటిన్నర లక్షలకు చేరువలో సభ్యులు ఉన్నారు. విధానాలను నిర్ణయించే జాతీయ కార్యవర్గం మాత్రం నేటికీ వేతనం లేని స్వచ్ఛంద సభ్యులదే.

ఉత్సవం ఎలా పుట్టింది?

నిరసన తెలపడం ఒక ఎత్తు. మంచి ఏల్ రుచి ఎలా ఉంటుందో ప్రజలకు చూపించడం మరో ఎత్తు. పబ్‌లలో ఆ బీరు దొరకనప్పుడు తామే పీపాలు తెచ్చి, తామే తెరిచి, తామే పోయాలని కామ్రా శాఖలు తలపెట్టాయి. 1974లో కేంబ్రిడ్జ్ శాఖ నిర్వహించిన ఉత్సవం వీటిలో తొలిది. 1975 సెప్టెంబరులో లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో, కూరగాయల, పూల వ్యాపారులు అంతకు ముందే ఖాళీ చేసి వెళ్లిన మార్కెట్ భవనంలో బీరు ప్రదర్శన ఏర్పాటైంది. లోపలికి వెళ్లేందుకు జనం వీధిలో బారులు తీరారు. దేశవ్యాప్త ఉత్సవానికి గిరాకీ ఉందని తేలిపోయింది.

1977లో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ‘గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్’ పేరుతో తొలి ఉత్సవం జరిగింది. 1980 జులైలో ఆ భవనం అగ్నికి ఆహుతైంది. నిర్వాహకులు వెనుకంజ వేయక, ఆవరణలోనే గుడారాలు వేసి ఆ ఏటి ఉత్సవాన్ని జరిపారు. 1983లో బర్మింగ్‌హామ్‌లోని బింగ్లీ హాల్‌కు మారారు. మరుసటి ఏడాది ఆ భవనమూ కాలిపోవడంతో 1984లో ఉత్సవానికి విరామం తప్పలేదు. లీడ్స్, బ్రైటన్ నగరాల్లోనూ జరిగిన ఈ వేడుక 1990ల్లో లండన్‌లోని ఒలింపియాలో స్థిరపడింది. నడుమ కొన్నేళ్లు ఎర్ల్స్ కోర్ట్‌కు వెళ్లి, 2012లో తిరిగి ఒలింపియాకు చేరింది.

వేతనం లేని శ్రమ ఏం చేస్తుంది?

ఉత్సవం ఉచ్ఛస్థితిలో ఉన్న సంవత్సరాల్లో సుమారు 1,000 మంది స్వచ్ఛంద కార్యకర్తలు పనిచేసేవారు. వీరిలో ఉపాధ్యాయులు, ఇంజినీర్లు, ప్రభుత్వోద్యోగులు, విశ్రాంత జీవులు ఇలా అన్ని వర్గాలవారూ ఉంటారు. ద్వారాలు తెరవడానికి కొన్ని రోజుల ముందే పని మొదలవుతుంది. ఖాళీ ప్రదర్శనశాలలో చట్రాలు నిలపాలి. పీపాలను వాటిపైకి ఎక్కించాలి. నిండు ఫర్కిన్ బరువు మనిషి బరువుకు తీసిపోదు. వేసవి వేడిలో పీపాలను చల్లగా ఉంచేందుకు శీతలీకరణ గొట్టాలు అమర్చాలి. ప్రతి పీపాను విడిగా పరిశీలించి, రుచి చూసి, అమ్మకానికి సిద్ధమైందో లేదో తేల్చాలి.

వారికి లభించేది భోజనం, కొన్ని బీరు టోకెన్లు, సంస్థ చొక్కా. దాంతోపాటు వెలకట్టలేని మరొకటి కూడా లభిస్తుంది. అది విద్య. ఈ రోజుల్లో ఒక పబ్ ఉద్యోగి ఏడాది పొడవునా రెండు మూడు రకాల ఏల్‌లను మాత్రమే చూడవచ్చు. ఉత్సవంలో పీపాల బాధ్యత చూసే కార్యకర్త వారం రోజుల్లోనే వందల పీపాల తీరుతెన్నులను గమనించగలడు. ఏ పీపా ఎక్కువగా పొంగుతుందో, ఏది ఆలస్యంగా తేరుకుంటుందో, ఏ రుచి లోపానికి ఏది కారణమో అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకుంటాడు. ఆ మెలకువలు చాలావరకు చేతి నుంచి చేతికి అందేవే.

కొలత విషయంలోనూ ఈ ఉత్సవానికి ఒక పట్టుదల ఉంది. పబ్‌లలో పింటు గ్లాసు అంచు వరకే పింటు. పైన నురగ చేరితే ఆ మేరకు బీరు తగ్గుతుంది. ఉత్సవపు గ్లాసుపై అంచుకు కింద ఒక గీత ఉంటుంది. ఆ గీత వరకు బీరు, దానిపైన నురగ. వినియోగదారుడు చెల్లించిన డబ్బుకు పూర్తి కొలత అందాలన్న వాదాన్ని ఆచరణలో చూపే ఏర్పాటిది. పింటులో మూడో వంతు చొప్పున కూడా పోస్తారు. ఎక్కువ తాగకుండానే ఎక్కువ రకాలను రుచి చూసేందుకు అది వీలు కల్పిస్తుంది. మితిమీరిన మద్యపానం వల్ల కలిగే హాని సంప్రదాయ బీరుకైనా వర్తించేదే కనుక ఈ చిన్న కొలతకు ప్రాధాన్యం ఉంది.

కాలానుగుణమైన మార్పులూ చోటుచేసుకున్నాయి. స్త్రీలను కించపరిచే పేర్లు, బొమ్మలు ఉన్న బీర్లను 2019లో ఉత్సవం నుంచి తొలగించారు. బీరు మగవారి వ్యవహారమనే భావన వల్ల సగం జనాభా దూరమవుతోందని సంస్థ గుర్తించింది. విదేశీ బీర్లకు, యాపిల్ రసంతో చేసే సైడర్‌కు ప్రత్యేక విభాగాలు ఉంటాయి. కెగ్ బీరును ఎంతవరకు ఆదరించాలన్న విషయంపై సంస్థలో దీర్ఘకాల వివాదం నడిచింది. 2018లో ఉద్యమ లక్ష్యాలను విస్తరించేందుకు ప్రవేశపెట్టిన తీర్మానాల్లో ఒకటి అవసరమైన 75 శాతం మద్దతును స్వల్ప తేడాతో అందుకోలేక వీగిపోయింది.

విజేతలు, విషాదాలు

ఉత్సవంలో అందరూ ఎదురుచూసే ఘట్టం ‘ఛాంపియన్ బీర్ ఆఫ్ బ్రిటన్’ ప్రకటన. 1978 నుంచి ఈ పురస్కారం ఇస్తున్నారు. సభ్యుల ఓట్లు, ప్రాంతీయ రుచి పరీక్షకుల సిఫార్సులు, ప్రాంతీయ పోటీలు దాటి వచ్చిన బీర్లను తుది దశలో పేరు తెలియకుండా రుచి చూసి తీర్పు చెబుతారు. యార్క్‌షైర్‌కు చెందిన టిమోతీ టేలర్ సంస్థ ‘ల్యాండ్‌లార్డ్’ నాలుగు సార్లు, లండన్ ఫుల్లర్స్ సంస్థ ‘ఇఎస్‌బి’ మూడు సార్లు ఈ గౌరవం పొందాయి. పేరు చెప్పిన మరునాటి నుంచే దేశవ్యాప్తంగా ఆ బీరుకు గిరాకీ పెరుగుతుంది. ఒక చిన్న బ్రూవరీకి ఇంతకు మించిన ప్రచారం లేదు.

అయితే ఖ్యాతి ఒక్కటే పూట గడపదని చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2023లో విజేతగా నిలిచింది యార్క్‌షైర్‌లోని ఎల్లండ్ బ్రూవరీ తయారుచేసిన ‘1872 పోర్టర్’. నల్లని రంగు, గాఢమైన రుచి గల ఈ బీరు అంతకుముందే శీతకాలపు పోటీల్లోనూ పేరు తెచ్చుకుంది. దేశంలోనే ఉత్తమ బీరు అనిపించుకున్న కొద్ది నెలలకే, 2024 ఆరంభంలో ఆ బ్రూవరీ మూతపడింది. ముడిసరుకుల ధరలు, ఇంధన ఖర్చులు, పబ్‌ల మూసివేతలు బ్రిటన్‌లోని చిన్న బ్రూవరీలన్నింటినీ ఎలా కుంగదీస్తున్నాయో ఈ ఒక్క ఘటన తెలుపుతుంది.

చట్టాల్లో మార్పు

ఈ ఉద్యమాన్ని బీరుప్రియుల కాలక్షేపంగా మాత్రమే చూడటం సరికాదు. గుత్తాధిపత్యంపై జరిపిన విచారణ అనంతరం 1989లో ప్రభుత్వం జారీచేసిన ఆదేశాల వల్ల, పెద్ద బ్రూవరీల ఆధీనంలోని పబ్‌ల నిర్వాహకులకు బయటి సంస్థ తయారుచేసిన పీపా ఏల్ ఒకదాన్ని అమ్మే హక్కు లభించింది. దానికి అనుకోని పర్యవసానమూ ఉంది. పెద్ద బ్రూవరీలు వదిలించుకున్న పబ్‌లను ఆస్తుల వ్యాపారమే ప్రధానమైన కొత్త కంపెనీలు కొనుగోలు చేశాయి. యజమాని మారినా కట్టుబాట్లు అనేక చోట్ల కొనసాగాయి.

2002లో చిన్న బ్రూవరీలకు సుంకంలో సగం వరకు రాయితీ ఇచ్చే విధానం అమల్లోకి వచ్చింది. దాంతో పాడి కొట్టాల్లో, రైల్వే వంతెనల కింది గదుల్లో, పారిశ్రామిక వాడల్లో కొత్త బ్రూవరీలు వెలిశాయి. ఒకప్పుడు 200కు లోపు ఉన్న సంఖ్య తరువాతి దశాబ్దాల్లో 1,500 దాటింది. 2017లో ఇంగ్లండ్‌లో ప్రణాళికా అనుమతి లేకుండా పబ్‌ను కూల్చడం, మరో వినియోగానికి మార్చడం కుదరకుండా నిబంధన వచ్చింది. 2023 ఆగస్టు నుంచి 20 లీటర్లు, అంతకు మించిన పాత్రల నుంచి పబ్‌లో పోసే బీరుపై సుంకం తగ్గింది. ఈ చర్చలన్నింటిలోనూ కామ్రా గొంతు వినిపించింది.

భారతదేశంతో ముడిపడిన ఏల్

సంప్రదాయ ఏల్‌లలో ప్రపంచవ్యాప్తంగా అత్యధిక ప్రచారం పొందిన రకం పేరులోనే మన దేశం ఉంది. అదే ‘ఇండియా పేల్ ఏల్’. 18వ శతాబ్దం చివరి భాగంలో లండన్‌లోని బో ప్రాంతంలో జార్జ్ హాడ్జ్‌సన్ నడిపిన బ్రూవరీ నుంచి ఈస్ట్ ఇండియా కంపెనీ నౌకాధికారులు బీరు కొని, కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల్లోని ఆంగ్లేయులకు అమ్మేవారు. కంపెనీ నౌకలు నిలిచే రేవుకు ఆ బ్రూవరీ దగ్గరగా ఉండటం దాని అదృష్టం.

గుడ్ హోప్ అగ్రం చుట్టి భూమధ్యరేఖను రెండుసార్లు దాటే ఆ ప్రయాణానికి నెలలు పట్టేది. హాప్స్ పూలకు బీరు చెడిపోకుండా కాపాడే గుణం ఉంది. హాప్స్ దండిగా వేసిన లేత రంగు ఏల్, పీపాలో నెమ్మదిగా పరిపక్వమవుతూ రేవు చేరేసరికి రుచి పెంచుకునేది. ఎవరో ఒకరు ప్రత్యేకంగా భారత్ కోసమే దాన్ని కనిపెట్టారన్న కథ ప్రచారంలో ఉన్నప్పటికీ, అంతకుముందే ఇంగ్లండ్‌లో ఉన్న రకమే ఈ ప్రయాణానికి తగినట్లు మలుపు తిరిగిందన్నది చరిత్రకారుల అభిప్రాయం. 1820ల్లో బర్టన్ పట్టణంలోని ఆల్సాప్ సంస్థ ఈ వ్యాపారంలోకి దిగింది. జిప్సం అధికంగా గల బర్టన్ నీరు హాప్స్ చేదుకు పదును పెట్టడంతో ఆ పట్టణం పేరు మారుమోగింది.

బర్టన్‌లోనే ‘యూనియన్’ అనే విశిష్ట పద్ధతి అభివృద్ధి చెందింది. వరుసగా కలిపిన ఓక్ పీపాల్లో పులుస్తున్న బీరు, ఈస్ట్‌తోపాటు గొట్టాల గుండా పైనున్న తొట్టిలోకి పొంగి, తేటపడి మళ్లీ పీపాల్లోకి దిగడం దీని విధానం. దీన్ని చివరి వరకు నిలిపిన మార్స్టన్స్ బ్రూవరీలో 2024లో యాజమాన్యం దానికి స్వస్తి పలికింది. న్యూయార్క్‌కు చెందిన బ్రూవర్ గారెట్ ఆలివర్ చొరవతో ఆ పీపాల సమూహాల్లో ఒకటి డర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీకి చేరింది. అక్కడ అది మళ్లీ పనిచేస్తోంది. సంప్రదాయాన్ని కాపాడటమంటే దాన్ని వాడుకలో ఉంచడమేనని ఈ ఉదంతం చాటుతోంది.

ఇప్పుడెందుకు ఆగింది?

కోవిడ్ కారణంగా 2020, 2021లో ఉత్సవం జరగలేదు. 2022, 2023లో ఒలింపియాలో జరిగినా, ఆ ప్రాంగణ పునర్నిర్మాణ పనుల దృష్ట్యా 2024లో మళ్లీ విరామం వచ్చింది. 2025 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లోని జాతీయ ప్రదర్శన కేంద్రానికి తరలించారు. ఆ ప్రాంగణం నగర కేంద్రానికి దూరంగా, విమానాశ్రయం చెంత ఉంది. లండన్‌లో కార్యాలయం ముగించుకుని నడుచుకుంటూ వచ్చే సాయంకాలపు సందర్శకులు అక్కడ లభించరు. ఖర్చుకు తగిన రాబడి రాలేదు.

ఇందులో గమనించదగిన విషయం ఒకటి ఉంది. స్వచ్ఛంద సేవ వల్ల జీతాల ఖర్చు చాలావరకు తప్పుతుంది. కానీ ప్రదర్శనశాల అద్దె, విద్యుత్తు, భద్రత, బీమా, రవాణా వంటివాటికి డబ్బే కావాలి. ఆ ఖర్చులను సేవాభావంతో తగ్గించలేం. పైగా ఉద్యమం తొలితరం వారు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు. బరువైన పీపాలు ఎత్తే చేతులు, వారం రోజుల సెలవు వెచ్చించే యువకులు కావాలి. 1980లో అగ్నిప్రమాదం జరిగినా గుడారాల్లో కొనసాగిన ఉత్సవం, 2026లో లెక్కల పుస్తకం ముందు ఆగిపోయింది.

దీని ప్రభావం పబ్‌లపై పడకుండా ఉండదు. పెద్ద ఉత్సవంలో గిరాకీ అపారం కనుక ప్రతి పీపా తాజాగా ఉండగానే ఖాళీ అవుతుంది. అందువల్ల రియల్ ఏల్ ఎలా ఉండాలో అలాగే అక్కడ రుచి చూడటం సాధ్యం. ఆ రుచి తెలిసినవారు తమ ఊరి పబ్‌లో దాన్ని అడుగుతారు. అడిగేవారుంటే పీపా మూడు రోజుల్లో అమ్ముడవుతుంది. ముందు చెప్పుకున్న విషవలయం అప్పుడు తిరగబడి మేలు చేస్తుంది. ఉత్సవం అసలు ప్రయోజనం ఇదే.

ఆశ మిగిలిన చోటు

జాతీయ ఉత్సవానికి విరామం వచ్చినా, కామ్రా స్థానిక శాఖలు ఏటా బ్రిటన్ అంతటా వందకు పైగా చిన్న ఉత్సవాలు నిర్వహిస్తున్నాయి. చర్చి మందిరాలు, పురపాలక భవనాలు, రైల్వే మ్యూజియాలు, పచ్చిక మైదానాలు వాటికి వేదికలు. కేంబ్రిడ్జ్‌లో నది ఒడ్డున ఉన్న జీసస్ గ్రీన్ మైదానంలో గుడారాల కింద జరిగే వేసవి ఉత్సవం వాటిలో ప్రసిద్ధమైనది. 1974లో ఉద్యమం ఎక్కడ తొలి పీపా తెరిచిందో అక్కడే ఆ సంప్రదాయం నేటికీ సాగుతుండటం విశేషం. అక్కడా పోసేవారు స్వచ్ఛంద కార్యకర్తలే.

ఒక పానీయాన్ని కాపాడేందుకు వినియోగదారులే నడుం బిగించి, దాన్ని తయారుచేయకపోయినా వడ్డించే విద్య నేర్చుకుని, అర్ధ శతాబ్దం పాటు నిలబెట్టడం ఆధునిక చరిత్రలో అరుదైన ప్రయోగం. నాడు వారు ఎదిరించింది పెద్ద కంపెనీల ఏకరూపతను. నేడు వారి ముందున్నవి పెరిగిన ఖర్చులు, తగ్గుతున్న పబ్‌లు, మారుతున్న తరం. ఈ పోరాటంలో నినాదాల కంటే సుత్తి, కుళాయి పట్టగల చేతుల అవసరమే ఎక్కువ. పీపాలోని ఈస్ట్ ఎవరి కోసమూ ఆగదు. దాన్ని సమయానికి తెరిచే మనిషి, ఆ మనిషి పక్కన నిలబడి నేర్చుకునే మరొకరు ఉన్నంత వరకే ఆ ఏల్‌కు ఆయుష్షు.